ఒకే ఆటగాడు.. మూడు ధరలు!

ఇంటర్వ్యూలో ‘ఎంత జీతం ఆశిస్తున్నారు?’ అనగానే చాలామంది తడబడతారు. మార్కులు, నైపుణ్యాలను బట్టే మన రేటు ఉంటుందనుకుంటాం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో పాల్ జార్జ్ సంగతి చూస్తే ఆ లెక్కలో ఇంకో అంకె కూడా ఉందని తెలుస్తుంది. అది కాంట్రాక్టులో మిగిలిన కాలం.

అక్కడ ఆటగాడిని కాంట్రాక్టు మధ్యలోనే వేరే జట్టుకు ఇచ్చేయొచ్చు. బదులుగా వేరే ఆటగాళ్లనో, రాబోయే ఏళ్లలో కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ హక్కులనో తీసుకుంటారు. ఇదే ట్రేడ్. చాలాసార్లు ఆటగాడిని అడగాల్సిన పని కూడా లేదు. అదే కాంట్రాక్టు ముగిసిందా, అతను ఫ్రీ ఏజెంట్. నచ్చిన చోటుకు పోతాడు, పాత జట్టు చేతికి పైసా రాదు. అందుకే గడువు దగ్గరపడేకొద్దీ కొనేవాళ్లు బేరం దించుతారు.

2017లో జార్జ్ ఇండియానా పేసర్స్‌లో పెద్ద స్టార్. ఇంకో ఏడాదిలో ఫ్రీ ఏజెంట్ కావచ్చు. ఇక్కడ ఉండనని జట్టుకు ముందే చెప్పించాడు. సొంత రాష్ట్రం కాలిఫోర్నియాలోని లేకర్స్ మీదే మనసు ఉందన్న మాటా బయటికొచ్చింది. అమ్మేవాడి అవసరం ఊరంతా తెలిశాక ధర నిలుస్తుందా? ఏడాది ఆగితే ఊరికే వస్తాడనుకునే లేకర్స్ భారీగా ఎందుకిస్తుంది? చివరికి ఓక్లహోమా సిటీ థండర్ ఇద్దరు కుర్రాళ్లను, ఒలాడిపోను, సబోనిస్‌ను ఇచ్చి అతణ్ని తీసుకుంది. ఒక్క డ్రాఫ్ట్ హక్కు కూడా ఇవ్వలేదు. కారుచౌకగా అమ్మేశారని ఇండియానాను అంతా ఆడిపోసుకున్నారు. (మరుసటి సీజన్లోనే ఒలాడిపో ఆల్‌స్టార్ అయ్యాడు. అది వేరే కథ!)

2018లో లేకర్స్‌కు వెళ్తాడనుకున్న జార్జ్ ఓక్లహోమాతోనే నాలుగేళ్లకు 13.7 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఏడాది తిరక్కుండానే లెక్క మారింది. 2018-19లో మ్యాచ్‌కు సగటున 28 పాయింట్లు కొట్టి, ఎంవీపీ ఓటింగ్‌లో మూడో స్థానంలో నిలిచాడు. కాంట్రాక్టులో కనీసం రెండేళ్లు మిగిలాయి. అన్నిటికీ మించి ఫ్రీ ఏజెంట్‌గా ఉన్న కవాయ్ లెనార్డ్ తనకు తోడుగా జార్జ్ కావాలన్నాడు. అంటే లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌కు ఒక్క బేరంతో ఇద్దరు స్టార్లు వస్తారు. ఇక ఎంతైనా ఇవ్వాల్సిందే! షాయ్ గిల్జియస్-అలెగ్జాండర్, గాలినారి, ఐదు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ హక్కులు, మరో రెండుసార్లు హక్కులు మార్చుకునే వీలు.. ఇదీ 2019 ధర. మనిషి అతనే, వయసు రెండేళ్లు పెరిగింది కూడా.

ఆ హక్కుల్లో ఒకదానితో 2022లో వచ్చినవాడే జేలెన్ విలియమ్స్. 2025లో ఓక్లహోమా టైటిల్ గెలిచింది, గిల్జియస్-అలెగ్జాండర్ ఎంవీపీ అయ్యాడు. క్లిప్పర్స్‌కు మాత్రం 2024లో జార్జ్‌తో కొత్త ఒప్పందం కుదరలేదు. ఇంకో ఏడాది కొనసాగే అవకాశాన్ని వదులుకొని, నాలుగేళ్లకు 21.2 కోట్ల డాలర్లతో ఫిలడెల్ఫియాకు వెళ్లిపోయాడు. క్లిప్పర్స్‌కు దక్కింది సున్నా.

గమనించారా? జట్టుకు అతని ట్రేడ్ విలువ సున్నా అయిన రోజే జార్జ్ చేతిలో బలం ఎక్కువ. మన కంపెనీలు ఉద్యోగుల్ని ఇలా మార్చుకోలేవు గానీ, కాగితం మీది గడువు మాత్రం ఇక్కడా పనిచేస్తుంది. ప్యాకేజీ అంకె చూడగానే సంతకం పెట్టేయకండి. బాండ్ ఎన్ని నెలలు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు.. ఆఫర్ లెటర్‌లో ఈ మూడూ వెతకండి. రేపు ఇంకో కంపెనీ పిలిస్తే, వాళ్లు అడిగే మొదటి ప్రశ్నల్లో ‘ఎప్పుడు చేరగలరు?’ ఒకటి.

మరి కాంట్రాక్టు పొడవుగా ఉంటే విలువ ఎప్పుడూ పెరుగుతుందా అంటే, అదీ లేదు. ఫిలడెల్ఫియాలో తొలి సీజన్ గాయాల వల్ల జార్జ్ 82 మ్యాచ్‌ల్లో 41 మాత్రమే ఆడాడు. సీజన్ ముగిశాక 35 ఏళ్లు నిండాయి. అప్పటికి ఇంకా మూడేళ్ల కాంట్రాక్టు ఉంది. 2019లో ధర పెంచిన ఆ మిగిలిన ఏళ్లే అప్పుడు కొనేవాడికి బరువయ్యాయి.