ఖాళీ వరుస ఎక్కడినుంచి వచ్చింది?

మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రాము రాసింది. ఫైలులో వరుసకొకటిగా ఉన్న నలభై పేర్లను చదివి 'ప్రింట్' అనే ఆజ్ఞతో తెరమీద చూపాలి. చివర 'మొత్తం 40' అని రావాలి. మర్నాడే సైన్సు ప్రదర్శన. పేర్లన్నీ వచ్చాయి గాని, ప్రతి రెండు పేర్ల మధ్యా ఒక ఖాళీ వరుస! చివరి పేరుకూ 'మొత్తం 40'కూ మధ్య మాత్రం లేదు. "ఖాళీ వదలమని నేనెక్కడా రాయలేదండీ మాస్టారూ" అంది, ఏడుపు ముఖంతో.

నిజమే, రాయలేదు. మరి ఎవరు రాశారు?

నోటుపుస్తకంలో వరుస పూర్తికాగానే మన చెయ్యి దానంతటదే కిందికి దిగుతుంది. కంప్యూటరుకు ఆ తెలివి లేదు. కింది వరుసకు దిగమని చెప్పడానికీ దానికొక అక్షరం కావాలి. అది కంటికి కనబడదు. అయినా మిగతా అక్షరాల్లాగే ఫైలులో చోటు తీసుకుంటుంది. 1963లో వెలువడిన ఆస్కీ పట్టికలో దాని సంఖ్య 10. టెలిటైపు యంత్రాల్లో ఈ 10 అందితే కాగితం ఒక వరుస జరిగేది. అచ్చువేసే భాగం ఎడమ అంచుకు తిరిగి రావడానికి వేరే సంఖ్య, 13. కాగితం పోయి తెర వచ్చినా విండోస్ ఫైళ్లలో ఈ రెండూ జంటగానే ఉంటాయి. లినక్సుకు 10 ఒక్కటే చాలు.

ఇక మన చిక్కు చూడండి. పైథాన్‌లో ప్రింట్ తాను చూపిన ప్రతిదాని చివరా వరుస మార్చే అక్షరాన్ని అడక్కుండానే చేరుస్తుంది. ఫైలులో పేరు చివర అది ముందే ఉంది. పైథాన్ చదివేటప్పుడు దాన్ని తీసెయ్యదు. ఫైలుది ఒకటి, ప్రింట్‌ది ఒకటి. మొదటిదానితో వరుస ముగిసింది, రెండోదానితో ఖాళీ వరుస పుట్టింది.

1987లో లారీ వాల్ విడుదల చేసిన పెర్ల్ భాషలో దీనికి తలకిందులు. అక్కడి ప్రింట్ తనంతట తాను ఏమీ చేర్చదు. ఫైలులోని పేర్లు చక్కగా వస్తాయి గాని, మనం సొంతంగా రాసిన వాక్యాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ప్రతిసారీ ఆ గుర్తు రాయలేక జనం విసిగారు కాబోలు, 2007లో 'సే' అనే ఆజ్ఞ వచ్చింది. అది వరుస తానే మారుస్తుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇదే సుఖమని నా అభిప్రాయం.

మా అమ్మాయి ముందు ప్రింట్‌లోని 'ఎండ్' అనే చోట ఖాళీ కొటేషన్లు పెట్టి, ప్రింట్ వాటాను ఆపింది. ఖాళీ వరుసలు పోయాయి. కాని 'మొత్తం 40' చివరి పేరుకు అతుక్కుపోయింది! ఆ పేరు టైపు చేశాక ఎంటర్ మీట నొక్కలేదట. అప్పుడు ఎండ్‌ను తీసేసి, చదివిన ప్రతి పేరు చివరనుంచీ ఆ కనబడని అక్షరాన్ని 'ఆర్‌స్ట్రిప్'తో తుడిచి, ఆ తరువాత ప్రింట్‌కు అప్పగించింది. నలభై పేర్లూ వరుసగా నిలబడ్డాయి, వాటి కింద విడిగా 'మొత్తం 40'.