మోటారు సైకిలు టైరు ఎంతకాలం మన్నుతుంది?



మోటారు సైకిలు కొనదలచి మా శాఖకు వచ్చేవారు ధర ఎంత, వడ్డీ ఎంత, నెలసరి వాయిదా ఎంత అని తప్పక అడుగుతారు. లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో వారికి ముందే తెలిసి ఉంటుంది. కాని టైర్లు ఎన్ని కిలోమీటర్లకు మార్చవలసి వస్తుందని అడిగినవారు నా ఉద్యోగ జీవితంలో ఇద్దరు ముగ్గురికి మించి లేరు. ఆ ప్రశ్నకు ఎంత విలువ ఉన్నదో ఒక పాల వ్యాపారి వలన నేను తెలుసుకున్నాను.

పల్నాడులో నేను క్షేత్రాధికారిగా పనిచేసిన రోజుల్లో ఆయన రెండు గేదెలకు, ఒక మోటారు సైకిలుకు మా బ్యాంకు నుండి ఋణం తీసుకున్నారు. ఏడాదికి పైగా ఒక్క వాయిదా కూడా తప్పలేదు. ఆ తరువాత వానాకాలంలో వరుసగా రెండు వాయిదాలు ఆగిపోయాయి. సంగతి కనుక్కుందామని ఇంటికి వెళ్ళగా, ఆయన కుడిచేతికి కట్టుతో అరుగు మీద కూర్చుని ఉన్నారు. తెల్లవారుజామున తడి రోడ్డు మలుపులో బండి జారింది. రెండు క్యాన్ల పాలు నేలపాలయ్యాయి. "పాలు పోతే పోయినాయి సార్, చెయ్యి ఇరిగింది. గేదె కాడ కూర్చునేదానికి లేకుండా పోయింది" అన్నారు.

గోడకు ఆనించిన బండిని చూచాను. వెనుక టైరు నడుమ గాడులు కొంత మిగిలి ఉన్నాయి గాని, రెండు అంచులూ నున్నబడి ఉన్నాయి. మలుపులో బండి వాలినపుడు నేలను పట్టుకొనవలసినది ఆ అంచులే. అది పాత టైరేమో అనుకున్నాను. "కాదు సార్, ఏసి అయిదు నెలలే. నాసిరకం అంటగట్టారు" అన్నారాయన. రోజుకు 60 కిలోమీటర్ల చొప్పున లెక్కిస్తే ఆ టైరు 9,000 కిలోమీటర్లకే అరిగిపోయింది. తప్పు టైరుది కాదని ఆ అంచులే చెబుతున్నాయి.

సాధారణ ఆయుర్దాయం

100 సి.సి. తరగతి బండ్లలో, మంచి తారు రోడ్డుపై, తగు జాగ్రత్తతో నడిపితే వెనుక టైరు సుమారు 15,000 నుండి 25,000 కిలోమీటర్ల వరకు మన్నుతుంది. ముందు టైరు అంతకంటే చాలా ఎక్కువ కాలం వస్తుంది. ఇంజను బలమంతా వెనుక చక్రం ద్వారానే నేలకు చేరుతుంది. బరువులో ఎక్కువ భాగమూ దానిమీదనే పడుతుంది. మన గ్రామాలలో చాలామంది కాలిబ్రేకునే నమ్ముకొని నడుపుతారు కనుక ఆ అరుగుదల కూడా దానికే. కంకర తేలిన దారిలో ఈ ఆయుర్దాయం మరింత తగ్గుతుంది.

గాలి: మొదటి కారణం

గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోనూ నేలను తాకిన చోట అణగి, పైకి లేచినపుడు తిరిగి సాగుతుంది. ఈ కదలిక వలన లోపల వేడి పుడుతుంది. వేడికి రబ్బరు మెత్తబడి త్వరగా అరుగుతుంది. బరువు అంచులమీద పడటం వలన అంచులు ముందుగా నున్నబడతాయి. గాలి మితిమీరితే ఇందుకు విరుద్ధంగా నడిమి భాగం మాత్రమే నేలను తాకి, నడుమ గీతగా అరుగుతుంది. కాబట్టి టైరు అరిగిన తీరును చూచి, జరిగిన పొరపాటును మీరే గుర్తించవచ్చును.

మన పాల వ్యాపారి బొటనవ్రేలితో నొక్కి చూచి గాలి చాలునని నిర్ణయించేవారు. అందులో సగం గాలి లేకపోయినా వ్రేలికి తెలియదు. గాలి కొలిచే చిన్న గేజి ధర స్వల్పమే. బండితో ఇచ్చిన పుస్తకంలోనో, బండికి అంటించిన కాగితం మీదనో ముందు, వెనుక టైర్లకు ఎన్ని పౌండ్ల గాలి ఉండవలెనో వ్రాసి ఉంటుంది. ఒక్కరే ప్రయాణించునపుడు ఒక అంకె, వెనుక మరొకరు లేదా బరువు ఉన్నపుడు అంతకంటే పెద్ద అంకె ఉంటాయి. వారానికి ఒకసారి, ఉదయం బండి తీయకముందే, టైరు చల్లగా ఉండగా చూడవలెను. ఎండలో నడిపి వచ్చిన తరువాత గాలి ఎక్కువ చూపుతుంది. అది వేడి వలన వ్యాకోచించిన గాలియే. ఎక్కువైనదని తీసివేయరాదు.

బరువు: చేసి చూడవలసిన లెక్క

టైరు ప్రక్క భాగాన కొలతతో పాటు ఒక అంకె, దాని తరువాత ఒక ఆంగ్ల అక్షరం అచ్చు వేసి ఉంటాయి. ఆ అంకె టైరు మోయగల గరిష్ఠ బరువుకు గుర్తు. 42 అని ఉంటే 150 కిలోలు, 48 అని ఉంటే 180 కిలోలు. అదీ నిండుగా గాలి ఉన్నపుడు మాత్రమే.

ఇపుడు పాల బండిని లెక్కిద్దాం. బండి బరువు 110 కిలోలైతే అందులో సుమారు 60 కిలోలు వెనుక చక్రంపై ఉంటాయి. నడిపేవారి బరువులో 45 కిలోలు అనుకుందాం. 40 లీటర్ల క్యాన్లు రెండు నింపితే పాలే 82 కిలోలు. క్యాన్ల బరువుతో 90 దాటుతుంది. మొత్తం 195 కిలోలు. 48 అంకె గల టైరుకు కూడా ఇది మోయరాని బరువే. ఎరువుల బస్తాల సంగతీ ఇంతే. యూరియా బస్తా 2018 నుండి 45 కిలోలకు తగ్గినా, రెండు బస్తాలతో 90 కిలోలవుతుంది. ఒక్కమారు తెచ్చేది రెండుమార్లు తెస్తే పెట్రోలు ఖర్చవుతుందనుకుంటాం. ఆ మిగులును టైరు నుండి తీసుకుంటున్నామని గమనించం.

బ్రేకు, గొలుసు, ఎండ, నూనె

కాలిబ్రేకును ఒక్కసారిగా త్రొక్కి చక్రాన్ని ఈడిస్తే టైరు ఒకేచోట గీసుకుపోతుంది. మలుపు రాకముందే వేగం తగ్గించి, రెండు బ్రేకులనూ మెల్లగా వాడవలెను. అయితే ఇసుక, కంకర ఉన్నచోట ముందు బ్రేకును గట్టిగా పట్టరాదు. గొలుసు బిగించునపుడు రెండు వైపులా ఉన్న గుర్తులు సమంగా ఉండేటట్లు చూడవలెను. లేనిచో చక్రం వంకరగా నడిచి టైరు ఒకవైపే అరుగుతుంది. వదులైన పుల్లలు, సొట్టపోయిన రిమ్ము, అరిగిన బేరింగుల ఫలితమూ ఇటువంటిదే.

బండిని నీడలో నిలపండి. కిరోసిను, డీజిలు గుడ్డతో టైర్లు తుడవకండి. అవి రబ్బరును ఉబ్బజేసి పాడుచేస్తాయి.

ఎప్పుడు మార్చవలెను?

గాడుల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు పైభాగం అరిగి వాటితో సమమైతే టైరు ఆయువు తీరినట్లే. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 లోని 94వ నియమం ప్రకారం ద్విచక్ర వాహనపు టైరులో గాడి లోతు 0.8 మిల్లీమీటరుకు తగ్గరాదు. ఆ గాడులు తడి రోడ్డుపై నీటిని ప్రక్కకు తోసి, రబ్బరు నేలను అంటునట్లు చేస్తాయి. నున్నని టైరు క్రింద నీటిపొర నిలిచి బండి జారుతుంది. నున్నబడిన టైరుకు కత్తితో కొత్త గాట్లు పెట్టించుకోవడం ప్రాణాలతో చెలగాటమే. ప్రక్కన పగుళ్ళు, ఉబ్బు కనిపించినా, గాడులు ఎంత ఉన్నా టైరును మార్చవలసిందే.

డీలరు మిత్రులకు ఒక మాట

టైరు ప్రక్కన అండాకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2323 అని ఉంటే 2023వ సంవత్సరంలో 23వ వారపు తయారీ అని అర్థం. దానిని కొనుగోలుదారుకు మీరే చూపండి. మీపై నమ్మకం పెరుగుతుంది. ముందు వచ్చిన సరుకును ముందు అమ్మండి. ఎండ తగలని చోట, వెల్డింగుకు, విద్యుత్ మోటార్లకు దూరంగా నిలువ ఉంచండి. ట్యూబు టైరు మార్చునపుడు ట్యూబును కూడా మార్చుకొమ్మని చెప్పండి. టైరుపై బాణపు గుర్తు ఉంటే చక్రం తిరిగే దిశకే బిగించండి. కొత్త టైరు పైపొర నునుపు పోయేవరకు, మొదటి 150 కిలోమీటర్లు నెమ్మదిగా నడపమని హెచ్చరించండి.

వాయిదాతో పాటు టైరు పద్దు

ఒక టైరు ధర 1,800 రూపాయలనుకుందాం. 18,000 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 10 పైసలు. 9,000కే అరిగితే 20 పైసలు. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగేవారికి మొదటి లెక్కన రోజుకు 6 రూపాయలు, రెండవ లెక్కన 12 రూపాయలు ఖర్చు. ఆ 6 రూపాయలను ఏరోజుకారోజు విడిగా వేయండి. దాణా ఖర్చు వ్రాసే పుస్తకంలోనే టైరుకూ ఒక పద్దు తెరవండి. టైరు అరిగే సమయానికి సొమ్ము చేతిలో ఉంటే, ఇంకొక నెల నడుపుదామనే ఆలోచన రాదు.

మన పాల వ్యాపారికి వాయిదాల గడువు పెంచి ఇచ్చాము. ఆయన గేజి కొన్నారు, బరువు తగ్గించి రెండుమార్లు తిరిగారు. తరువాతి టైరు పది నెలలు దాటి వచ్చింది. ఋణం పూర్తిగా తీరింది. చేయి మాత్రం మునుపటివలె తిరగలేదు. పాలు పితికే పని నాటినుండి ఆయన భార్యపైనే పడింది.

రేపు ఉదయం బండి తీయకముందు ఒక్క నిమిషం వంగి, వెనుక టైరు అంచులను చేతితో తడిమి చూడండి. ఈ వ్యాసం వలన మీరు ఆ పని చేస్తే నా శ్రమ ఫలించినట్లే.