వెలుగు తగిలితే పట్టు వదిలే సూదిమొన

స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్ పరమాణువులను చూపించింది గానీ, ఒక షరతు పెట్టింది: చూడవలసిన వస్తువులో కరెంటు పారాలి. గాజు, ప్లాస్టిక్, ప్రొటీన్ లాంటివైతే దాని పప్పులుడకవు. 1981లో జ్యూరిక్ దగ్గరి ఐబీఎం ప్రయోగశాలలో హైన్రిక్ రోరర్‌తో కలిసి ఆ యంత్రాన్ని కట్టిన గెర్డ్ బిన్నిగే ఈ లోటునూ పూడ్చాడు. కాలిఫోర్నియాలో ఉన్న రోజుల్లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ కాల్విన్ క్వేట్, ఐబీఎం సహచరుడు క్రిస్టఫ్ గెర్బర్ ఆయనకు తోడయ్యారు. చిన్న బంగారు రేకు ముక్క, దాని చివర జిగురుతో అంటించిన వజ్రపు నలుసు. నలుసు ఉపరితలాన్ని తడుముతూ పోతుంది, మిట్ట వచ్చినచోట రేకు పైకి లేస్తుంది. ఎంత లేచిందో కొలవడానికి రేకు వెనక మళ్లీ ఆ పాత టన్నెలింగ్ మైక్రోస్కోపే! 1986లో వ్యాసం అచ్చయింది, అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ (ఏఎఫ్‌ఎం) పుట్టింది. అదే ఏడాది బిన్నిగ్, రోరర్‌లకు నోబెల్ వచ్చింది. అయితే అది పాత యంత్రానికి.

తర్వాతి మార్పులు చకచకా జరిగిపోయాయి. 1988లో మేయర్, ఆమెర్ రేకు వీపు మీద లేజర్ పడేలా చేసి, తిరిగొచ్చే కిరణం ఎంత పక్కకు జరిగిందో చూస్తే చాలన్నారు. బంగారు రేకు పోయి సిలికాన్, సిలికాన్ నైట్రైడ్ కాంటిలీవర్లు వచ్చాయి. పొడవు వంద, రెండు వందల మైక్రాన్లు. చివరి మొన పది, ఇరవై నానోమీటర్లు.

నన్నడిగితే అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. మొన ఎంత సన్ననిదైతే అంత మంచిదని అందరూ అనుకుంటున్న రోజుల్లో, హార్వర్డ్‌లో చార్లెస్ లీబర్ బృందం మొనకు ఏం పూశామన్నది కూడా ముఖ్యమేనని చూపించింది. 1994లో వాళ్లు మొనకు బంగారు పూత వేసి, దానిమీద థయోల్ అణువుల పొర ఒకటి నాటారు. థయోల్‌లోని గంధకం బంగారాన్ని గట్టిగా పట్టుకుంటుంది, అణువు రెండో కొస బయటికి ఉంటుంది. ఆ కొసన కార్బాక్సిల్ గుంపు ఉంటే ఒక రకం పట్టు, మిథైల్ ఉంటే ఇంకో రకం. అంటే మొన ఎత్తుపల్లాలతో పాటు రసాయన స్వభావాన్నీ పసిగడుతుందన్నమాట.

చిక్కల్లా పోల్చడంలోనే. ఒక పూత బదులు ఇంకో పూత కావాలంటే మొనే మార్చాలి. ఏ రెండు మొనలూ అచ్చం ఒకేలా ఉండవు. వంపు కాస్త తేడా వచ్చినా పట్టు మారుతుంది. తేడా పూతదా, మొనదా? ఒకే మొన స్వభావాన్ని అక్కడికక్కడే మార్చగలిగితే ఈ గొడవే ఉండదు. కాంతికి స్పందించే అణువుల విలువ నా లెక్కన ఇక్కడుంది.

వాటిలో పేరుమోసింది అజోబెంజీన్. 1834లో మిట్షర్లిక్ వర్ణించిన పాత పదార్థమే, మన బట్టల రంగుల్లో సగానికి పైగా దీని చుట్టాలే. దీనికి రెండు రూపాలున్నాయని 1937లో హార్ట్‌లీ బయటపెట్టాడు. మామూలుగా చాచుకుని ఉండే ట్రాన్స్ రూపం 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి తగిలితే ముడుచుకుని సిస్ అవుతుంది. రెండు కొసల మధ్య దూరం 0.9 నుంచి 0.55 నానోమీటర్లకు తగ్గుతుంది. 420 నానోమీటర్ల ఊదా వెలుగు వేస్తే మళ్లీ చాచుకుంటుంది.

2002లో మ్యూనిక్‌లో హెర్మన్ గౌబ్ బృందం అజోబెంజీన్లను వరుసగా గుచ్చిన గొలుసును ఒక కొస గాజుకు, ఇంకో కొస ఏఎఫ్‌ఎం మొనకు తగిలించింది. మొన లాగుతూనే ఉంది, అయినా వెలుగు పడగానే గొలుసు ఆ లాగుడుకు ఎదురుగా కుంచించుకుంది. ఒకే ఒక అణువు కాంతితో పనిచేసి చూపించింది!

అంత సులువుగా ఏమీ కుదరలేదు. కాంటిలీవర్ వీపున లోహపు పూత, కింద సిలికాన్ నైట్రైడ్. వెలుగుకు వేడెక్కితే రెండూ రెండు రకాలుగా వ్యాకోచించి రేకు వంగిపోతుంది. ఇస్త్రీపెట్టె థర్మోస్టాట్‌లో పట్టీ వంగేదీ ఇందుకే. ఈ వంపులో అణువు కదలిక కొట్టుకుపోతుంది. అందుకే వాళ్లు వెలుగును గాజు లోపలే పూర్తిగా పరావర్తనం చెందేలా వాలుగా పంపారు. గాజు పైకి అతి పలచని పొరగా మాత్రమే వెలుగు అందుతుంది. అణువు తడుస్తుంది, రేకు తడవదు.

జర్మనీలోనే జోహానా బ్లాస్, రోలాండ్ బెన్నెవిట్జ్ తదితరులు 2015లో ఇంకో దారి పట్టారు. మొనకూ సిలికాన్ పలకకూ సైక్లోడెక్స్‌ట్రిన్ అనే గిన్నె ఆకారపు చక్కెర అణువులను అతికించి, ద్రావణంలో రెండు కొసలా అజోబెంజీన్ ఉన్న అణువులను వదిలారు. చాచుకున్న కొసలు రెండు వైపులా గిన్నెల్లో దూరి మొననూ పలకనూ కలిపి పట్టుకుంటాయి. అతినీలలోహిత కాంతి వేస్తే ముడుచుకుని గిన్నెల్లో ఇమడక జారిపోతాయి. ఒక్క బంధం తెగడానికి కావలసిన బలం 60 పికోన్యూటన్ల చిల్లర, మిల్లీగ్రాము బరువులో సుమారు లక్షా అరవై వేలవ వంతు. పట్టుతో పాటు ఘర్షణ కూడా వెలుగు మాట విన్నది.

ఇలాంటి మొనలకు బలహీనతలూ ఉన్నాయి. సిస్ రూపం చీకట్లో ఉంచినా తనంతట తానే మళ్లీ ట్రాన్స్ అవుతుంది. బంగారం మీది థయోల్ పొర గాలికీ అతినీలలోహిత కాంతికీ కాలక్రమంలో పాడవుతుంది. అందువల్ల వెలుగు వేస్తే మొన పట్టు మారిందన్న వార్త ఎక్కడ చదివినా ముందు రెండు ప్రశ్నలు వేయండి: వేడికి రేకు వంగకుండా ఏం చేశారు? రెండో వెలుగు వేసినప్పుడు పాత పట్టు తిరిగొచ్చిందా?