పాత ట్రాక్టరు యాక్సిల్: బాగు చేయించాలా, కొత్తది వేయించాలా?

మెదక్ చుట్టుపక్కల గ్రామాల్లో పదిహేను, ఇరవై ఏళ్ల ట్రాక్టర్లు ఇంకా చాలానే పనిచేస్తున్నాయి. వాటితో వచ్చే పెద్ద ఖర్చుల్లో యాక్సిల్ ఒకటి. ఘనపూర్ ఆనకట్ట కింద వరి వేసే ఒక రైతు గత వానాకాలం కరిగెట మధ్యలో వెనుక యాక్సిల్ షాఫ్ట్ విరిగితే, కొత్తది కొనకుండా వెల్డింగ్ చేయించాడు. అది నాలుగో రోజుకే మళ్లీ విరిగింది, అదీ వెల్డింగ్ పక్కనే. ఈలోగా ఇరవై ఐదు రోజుల నారు ముదిరిపోయింది. ముదురు నారు పిలక తక్కువ పెడుతుంది కాబట్టి ఆ నష్టం షాఫ్ట్ ధరకంటే ఎక్కువే అయి ఉంటుంది.

వెల్డింగ్ ఎందుకు నిలవదో చెప్తాను. వెనుక షాఫ్ట్‌ను మిశ్రమ ఉక్కుతో పోత పోయకుండా సాగగొట్టి చేస్తారు. తర్వాత వేడిచేసి చల్లార్చి పైపొరను గట్టిపరుస్తారు. పైన గట్టిదనం, లోపల కొంత సాగే గుణం ఉంటేనే అది చక్రాన్ని తిప్పే మెలికను తట్టుకుంటుంది. వెల్డింగ్ వేడికి ఆ పదును పోతుంది, అతుకు పక్కన లోహం పెళుసుబారుతుంది. లేత్‌లో ఎంత నున్నగా తీసినా పోయిన పదును రాదు. కాబట్టి విరిగిన షాఫ్ట్, పగులు పట్టిన షాఫ్ట్, పళ్లు అరిగిన లేదా మెలి తిరిగిన షాఫ్ట్ ఏదైనా కొత్తదే వేయించాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

అయితే ప్రతి యాక్సిల్ రిపేరుకూ కొత్తది కొనమని చెప్పే షాపు మాట కూడా నమ్మొద్దు. ముందు యాక్సిల్‌లో కింగ్ పిన్నులు, బుష్‌లు, మధ్యలోని సెంటర్ పిన్ను అరగడానికే పెట్టిన భాగాలు. అవి మార్చి, రంధ్రం వదులైతే లేత్‌లో సరిచేయించి బుష్ వేయిస్తే యాక్సిల్ మళ్లీ కొన్నేళ్లు నడుస్తుంది. బేరింగ్ కూర్చునే చోట, ఆయిల్ సీల్ రాసుకునే చోట గాడి పడినప్పుడు మంచి లేత్ పనివాడు స్లీవ్ ఎక్కించగలడు. ఇక్కడ బాగు చేయించడమే తెలివైన పని. నా లెక్క ఒకటుంది: బాగు చేయించే ఖర్చు కూలితో కలిపి కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదానికే వెళ్తాను. ముందు చక్రం బేరింగులుండే స్టబ్ యాక్సిల్‌కు పగులుంటే మాత్రం ఈ లెక్క వేయను. అది రోడ్డు మీద విరిగితే చక్రం ఊడిపోతుంది, ట్రాలీలో ధాన్యంతోపాటు మనుషులూ ఉంటారు.

పగులు కంటికి కనిపించకపోవచ్చు. షాఫ్ట్‌ను శుభ్రంగా తుడిచి, కిరోసిన్‌తో తడిపి కాసేపు ఉంచండి. మళ్లీ పూర్తిగా తుడిచి సుద్దపొడి చల్లి, సుత్తితో మెల్లగా తట్టండి. పగుల్లోకి దిగిన కిరోసిన్ బయటికి వచ్చి సుద్ద మీద తడి గీత పడుతుంది. ముఖ్యంగా పళ్లు మొదలయ్యే చోట, ఫ్లాంజ్ మూలలో చూడండి. విరుగుడు ఎక్కువగా అక్కడే మొదలవుతుంది.

తుక్కు దుకాణంలో తీసుకున్న పాత షాఫ్ట్‌కూ ఇదే పరీక్ష. అది ఏ బండిలో, ఎంత బరువు మోసిందో అమ్మేవాడికే తెలియదు. కొత్తది కొనేటప్పుడు మీ పాత ముక్కను వెంట తీసుకెళ్లండి. ఒకే కంపెనీ, ఒకే హార్స్ పవర్ అయినా మోడల్ మారితే పళ్ల సంఖ్య, పొడవు మారవచ్చు. సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా వెళ్లి తప్పు సామాను తెచ్చుకున్నవాళ్లు మనలో ఉన్నారు. బిల్లు లేకుండా తీసుకోవద్దు. పట్టీ లేని సామాను రెండు వారాల్లో విరిగితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా చూపడానికి ఏమీ ఉండదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ముందు యాక్సిల్ సపోర్టు వంటి కొన్ని ట్రాక్టరు భాగాలపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో పాత రేటు వేశారేమో చూసుకోండి.

షాఫ్ట్ విరిగినప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. కొత్తది దూర్చేసి వెంటనే మడిలోకి దిగుతారు. విరిగిన రజను హౌసింగ్‌లోనే ఉండి బేరింగులను, గేర్లను తినేస్తుంది. ఆయిల్ పూర్తిగా దించి, కడిగించి, కొత్త ఆయిల్ పోయించండి. దించిన ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే కరిగెట నీళ్లు లోపలికి వెళ్లాయని అర్థం, సీల్ కూడా మార్చాలి. సీల్ మార్చినా మళ్లీ మళ్లీ కారుతోందంటే బ్రీదర్ చూడండి. హౌసింగ్ పైన ఉండే ఆ చిన్న గాలి రంధ్రం బురదతో మూసుకుపోతే లోపల వేడిగాలి ఒత్తిడికి ఆయిల్ సీల్ దగ్గరే బయటికి వస్తుంది. అది శుభ్రం చేయడానికి ఖర్చేమీ లేదు.

ఎడ్లబండి ఇరుసుకు మన పెద్దలు ఏ ప్రయాణానికి ముందైనా కందెన పెట్టేవాళ్లు. ట్రాక్టరు ముందు యాక్సిల్ గ్రీజు నిప్పుల్స్‌కు ఆ శ్రద్ధ దక్కడం లేదు. కరిగెట రోజుల్లో రోజూ సాయంత్రం కడిగి గ్రీజు కొట్టండి, పాత గ్రీజుతోపాటు బురద బయటికి వచ్చేదాకా. కేజ్ వీల్స్‌తో రోడ్డెక్కవద్దు, ఆ అదురు నేరుగా బేరింగులకే పోతుంది.

బాగు చేయించే పని మే నెలలోనే పెట్టుకోండి. జూన్‌లో షెడ్డు దగ్గర వరుస ఉంటుంది, తొందరలో పని కూడా సగమే అవుతుంది. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఆట తెలుస్తుంది. కొత్తది వేయించాక మొదటి పది గంటల పనికి చక్రం బోల్టులు మళ్లీ ఒకసారి బిగించండి.