బడి ఈడు

కుడిచేతిని తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవిని పట్టుకోగలిగితే పిల్లవాడికి బడి ఈడు వచ్చినట్టు. మన పల్లెటూళ్లలో చాలాకాలం ఇదే అడ్మిషన్ టెస్టు. చెవి అందితే ఒకటో తరగతిలో వేసుకునేవారు, అందకపోతే "వచ్చే ఏడు తీసుకురా" అనేవారు. దీన్ని తలచుకుని నవ్వేవాళ్లున్నారు గాని, సైన్సు విద్యార్థిగా నాకు ఇందులో నవ్వవలసిందేమీ కనిపించదు. పుట్టిన బిడ్డ పొడవులో తల దాదాపు నాలుగో వంతు ఉంటుంది. పెద్దయ్యేసరికి ఎనిమిదో వంతు దగ్గరికి వస్తుంది. అంటే తల నెమ్మదిగానూ, కాళ్లూ చేతులూ వేగంగానూ పెరుగుతాయన్నమాట. చెయ్యి తలను చుట్టి అవతలి చెవిని తాకేది ఇంచుమించు ఆరేళ్ల ప్రాంతంలో. పుట్టిన తేదీ రాసిపెట్టుకోని ఊళ్లలో మనవాళ్లు శరీరాన్నే రికార్డుగా చదువుకున్నారు. కాకపోతే ఆ కొలత చేతి పొడవుకే గాని, పలక పట్టుకుని కూర్చునే ఓపికకు కాదు. ఒకడికి ముందే అందుతుంది, ఇంకొకడికి ఆలస్యంగా అందుతుంది.

చెవి అందిన తరువాత పుట్టిన తేదీ వెయ్యడం హెడ్మాస్టరుగారి వంతు. చేరిన రోజు నుంచి వెనక్కి ఐదేళ్లు లెక్కగట్టి జూన్ ఒకటనో, జూలై ఒకటనో రాసేవారు. మన లెక్చరర్లూ, పూర్వ విద్యార్థులూ తమ సర్టిఫికెట్లు ఒకసారి తీసి చూసుకుంటే, తొలకరిలోనే ఇంతమంది ఎలా పుట్టామా అని ఆశ్చర్యపోక తప్పదు! ఉద్యోగంలో చేరే వయసూ, రిటైరయ్యే రోజూ ఆ ఒక్క కలంపోటు మీదే ఆధారపడ్డాయి మరి.

ఐదు అనే అంకె మనకు కొత్తదేమీ కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ బడుల వివరాలు పంపమని కలెక్టర్లను అడిగినప్పుడు, రాజమండ్రి నుంచి వెళ్లిన జవాబులో ఈ మాట ఉన్నది: ఐదో ఏట, ఐదో నెల, ఐదో రోజు పిల్లవాణ్ణి బడిలో వెయ్యడానికి మంచి రోజని ఇక్కడివాళ్లు భావిస్తారని. అది ముహూర్తమే గాని చట్టం కాదు. పంపకపోతే అడిగేవాడు లేడు, పంపగలిగినవాళ్లూ కొందరే. చట్టంతో పని చేయించినవాడు బరోడా మహారాజు శాయాజీరావు. 1906లో తన సంస్థానమంతటా ప్రాథమిక విద్యను నిర్బంధం చేశారు. అది చూసి 1911లో గోఖలేగారు ఆరు నుంచి పదేళ్ల మగపిల్లలకైనా అలాంటి ఏర్పాటు చెయ్యమని బిల్లు తెచ్చారు. ప్రభుత్వం పడనియ్యలేదు.

ఇక మన రాజ్యాంగం సంగతి. 1950 నాటి 45వ అధికరణం పదేళ్లలోగా, పద్నాలుగేళ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య సమకూర్చడానికి రాజ్యం ప్రయత్నించాలన్నది. ఇందులో పై వయసు ఉన్నది గాని కింది వయసు లేదు. మూడేళ్ల పిల్ల కూడా ఆ మాట కిందికే వస్తుంది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు ఈ అధికరణాన్నే ఆధారం చేసుకుని, పద్నాలుగేళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కు అని తేల్చింది. ఆ తీర్పు వచ్చింది మన రాష్ట్రం పేరున్న కేసులోనే అని మనలో ఎందరికి తెలుసో!

ఆ హక్కును రాజ్యాంగంలో రాసే పని 2002లో 86వ సవరణతో జరిగింది. రాసేటప్పుడు మాత్రం "ఆరు నుంచి పద్నాలుగు" అని రాశారు. ఆరు లోపువాళ్లను హక్కుల భాగం నుంచి తప్పించి, ఆదేశిక సూత్రాల్లో పెట్టారు. ఆదేశిక సూత్రం నెరవేరలేదని కోర్టుకు వెళ్లే వీలు లేదు. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 11వ సెక్షనూ అంతే. మూడేళ్లు దాటినవాళ్లకు బడి ముందు చదువు ఏర్పాటు ప్రభుత్వం "చేయవచ్చును" అన్నది, "చేయవలెను" అనలేదు.

ఈ "వచ్చును" కాలేజీలో కూర్చుని చూస్తే వ్యాకరణం. ఊళ్లో చూస్తే వేరు. జూన్‌లో బడి తెరుస్తారు, అప్పుడే తొలకరి. నాట్లకూ, కలుపుకూ తల్లులు తెల్లవారకముందే పోతారు. మాదీ సేద్యం ఇల్లే కనుక ఆ రోజుల్లో ఊరు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎనిమిదేళ్ల అక్కకు ప్రాథమిక హక్కు ఉన్నది. మూడేళ్ల తమ్ముడికి లేదు. అంగన్‌వాడీ ఉన్నా, తల్లి పొలం నుంచి వచ్చేదాకా అది తెరిచి ఉండదు. వాణ్ణి ఎవరు ఎత్తుకోవాలి? అక్కే. రిజిస్టరులో ఆ పిల్ల పేరు ఉంటుంది, చంకలో తమ్ముడు ఉంటాడు. రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల కోసం పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్, బడికి రాని పిల్లలంతా బాలకార్మికులే అన్నది ఇందుకే. కూలి డబ్బులు రాకపోయినంత మాత్రాన అది పని కాకుండా పోదు గదా.

డబ్బున్న ఇంట్లో ఈ మూడేళ్ల ఖాళీయే లేదు. మూడో ఏట నర్సరీ, తరువాత ఎల్‌కేజీ, యూకేజీ. చేతివేళ్లు ఇంకా గట్టిపడకముందే పెన్సిలు, సాయంత్రం హోంవర్కు! కిండర్‌గార్టెన్ అంటే జర్మన్ భాషలో పిల్లల తోట. 1840లో ఆ పేరు పెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ దాన్ని ఆటలకోసం, పాటలకోసం పెట్టాడు. ప్రష్యా ప్రభుత్వం 1851లో వాటిని నిషేధించి, 1860లో గాని ఎత్తివెయ్యలేదు. అదే యూరప్‌లో నేడు హంగరీ 2015 నుంచి, ఫ్రాన్సు 2019 నుంచి మూడేళ్లకే నిర్బంధం చేశాయి. ఫిన్లాండులో అసలు బడి ఏడో ఏట మొదలవుతుంది. దానికి ముందు ఒక్క ఏడాది ప్రీప్రైమరీని 2015లో తప్పనిసరి చేశారు.

మన దగ్గరా అలా నిర్బంధం చేద్దామా? నా మట్టుకు నాకు నిర్బంధం ఎవరి మీద అన్నదే ముఖ్యం. మూడేళ్ల బిడ్డను పంపలేదని కూలితల్లికి జరిమానా వేసే చట్టం నాకు అక్కర్లేదు. పంపాలనుకున్న తల్లికి చోటు చూపించక తప్పని నిర్బంధం ప్రభుత్వం మీద ఉండాలి.

ఈ తేడా ఇప్పుడు మరీ అవసరం. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అన్నది. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలని 2023లో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. ఐదేళ్లకే చేర్చుకునే అలవాటున్న తెలుగు నేలపై ఇది చిన్న మార్పు కాదు. వయసుపరంగా మంచిదే కావచ్చు. జూన్‌లో ఐదు నిండినవాడూ, జూలై నెలలోనే ఆరు పూర్తిచేయబోయేవాడూ ఒకే బెంచీ మీద కూర్చుంటే, ఆ పదకొండు నెలలు చిన్నవాడి ఆయుష్షులో ఐదో వంతుకు దగ్గర. వాడు మొద్దు కాదు, చిన్నవాడు. ఒక ఏడు ఆగితే ఆ తేడా కొంత పలచబడుతుంది. కాని ఆగే ఆ ఏడాది ఎక్కడ ఆగాలి? ఉన్నవాడి కొడుకు ఇంకో ఏడు ఫీజు కట్టి కిండర్‌గార్టెన్‌లో ఆగుతాడు. లేనివాడి కొడుకు అక్క చంకలో ఆగుతాడు.

ఆ చంక నుంచి దింపుకోగలిగేది ఊళ్లో ఒక్క అంగన్‌వాడీ టీచరే. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన ఐసీడీఎస్‌లో ఆమెకు అప్పజెప్పిన సేవల్లో బడి ముందు చదువు ఒకటి మాత్రమే. పౌష్టికాహారం, టీకాలు, తల్లులకు ఆరోగ్యబోధ వగైరా అన్నీ అదే గదిలో. ఆమెకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2022 ఏప్రిల్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలకు గ్రాట్యుటీ ఇవ్వాలని తీర్పు చెప్పినప్పుడు, సుప్రీంకోర్టు చూపించిన కారణాల్లో ఆ 11వ సెక్షను కూడా ఉన్నది.