రాజీనామా తరువాతా వెంటాడే సంతకం

ఉద్యోగ నియామక పత్రాలతో యువకులు ఒక్కోసారి మా దగ్గరికి వస్తుంటారు. ఆ ఇంగ్లీషు మాకు అంతంతమాత్రమే. వారే చదివి అర్థం చెబుతారు. ఇటీవల వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒక షరతు దగ్గర ఆగిపోయాడు. రాజీనామా చేశాక ఏడాదిపాటు అదే రంగంలో పనిచేయరాదు, సొంత సంస్థ పెట్టరాదు. అతనికేమో ఇద్దరు మిత్రులతో కలిసి చిన్న సంస్థ ప్రారంభించాలని ఉంది. "ఉస్తాద్, సంతకం చేసి తరువాత మాట తప్పితే ఎలా?" అన్నాడు.

ఈ చిక్కు కొత్తది కాదు. 1957లో కాలిఫోర్నియాలో ఎనిమిది మంది శాస్త్రజ్ఞులు షాక్లీ సంస్థను విడిచి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్‌ను నెలకొల్పారు. 1968లో వారిలో ఇద్దరు, నోయిస్, మూర్, అక్కడి నుండి బయటికి వచ్చి ఇంటెల్ స్థాపించారు. అక్కడి చట్టం 1872 నుండే ఇటువంటి షరతులను చెల్లనివిగా పరిగణిస్తోంది. సిలికాన్ వ్యాలీ ఎదుగుదలకు ఇదీ ఒక కారణమని పలువురు పరిశోధకులు అంటారు.

చట్టం ఎంత ఉదారంగా ఉన్నా యజమానులు వేరే దారి వెతుక్కున్నారు. ఒకరి ఉద్యోగులను మరొకరు పిలవరాదని ఆపిల్, గూగుల్, ఇంటెల్, అడోబి వంటి సంస్థలు లోలోపల అనుకున్నాయి. ఉద్యోగులు వేసిన దావాలో ఈ నాలుగు సంస్థలు 41.5 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకోగా, 2015లో న్యాయస్థానం ఆమోదించింది. హెచ్-1బి వీసాపై వెళ్లిన మన పిల్లలకైతే వీసాయే ఒక కట్టు. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో మరో దారి చూసుకోవాలి. అటువంటప్పుడు సొంత సంస్థ అన్న ఊహ ఎక్కడ నిలుస్తుంది?

మన దేశపు కాంట్రాక్టు చట్టం కూడా 1872 నాటిదే. దాని 27వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగం వదిలాక బతుకుదెరువును అడ్డగించే షరతును కోర్టులు సాధారణంగా చెల్లనివ్వవు. ఉద్యోగంలో ఉండగా పోటీ వ్యాపారం చేయరాదన్న షరతు మాత్రం చెల్లుతుంది. బాండు సంగతీ వేరు. గడువుకు ముందే వెళ్లిన ఒక బ్యాంకు అధికారి 2 లక్షల రూపాయలు చెల్లించాలన్న నిబంధనను 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది.

ఇదంతా ఆ అబ్బాయికి చెప్పాము. సంస్థ ప్రోగ్రాములు, ఖాతాదారుల వివరాలు అమానత్ అనీ, వాటిని వెంట తీసుకుపోకూడదనీ గట్టిగానే అన్నాము. నేర్చుకున్న విద్య మాత్రం అతనిదే. ఆ షరతు తీసేయమని అతను సంస్థకు రాశాడు. వారు తీసేయలేదు, ఏడాదిని ఆరు నెలలు చేశారు.