పక్కింటి వైఫై

భవానీపురం హాస్టల్లో ఉండగా డిగ్రీ ఆప్షన్లు పెట్టుకోవడానికి మాకు రీఛార్జి డబ్బుల్లేవు. పక్కవీధి అంకుల్‌గారు తన వైఫై పాస్‌వర్డ్ చెప్పారు. వారం తిరక్కుండా అది హాస్టలంతా పాకింది. ఆయన మార్చేశారు. తప్పు మాదే. పాస్‌వర్డ్ ఇవ్వడమంటే ఇంటి తాళం ఇచ్చినట్టే. ఎవరేం చేసినా కనెక్షన్ ఉన్నవారి పేరే బయటికొస్తుంది.

దీనికో పద్ధతి ఉంది మిత్రులారా. చాలా రూటర్లు రెండు పేర్లతో సిగ్నల్ ఇవ్వగలవు. ఒకటి ఇంటివాళ్ళకి, రెండోది బయటివాళ్ళకి. రెండో దారిన వచ్చినవాళ్ళకి ఇంట్లోని కంప్యూటర్లు కనబడకుండా కట్టడి చేయవచ్చు. 2005లో మాడ్రిడ్‌లో పుట్టిన ఫాన్ సంస్థ ఇళ్ళ రూటర్లనే ఇలా కలిపింది: తన వైఫై పంచినవాడికి మిగతావాళ్ళ వైఫై ఉచితం.

మన దేశంలో 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణిని ఆమోదించింది. కిరాణా కొట్టాయన కూడా లైసెన్సు, ఫీజు లేకుండా వైఫై ఇవ్వవచ్చు. వాడేవాళ్ళు యాప్‌లో నమోదు కావాలి కనుక ఎవరు వాడారో లెక్క ఉంటుంది. అయితే కంపెనీలు కొట్లవాళ్ళని ఖరీదైన లీజు లైన్ తీసుకోమనేవి. 200 ఎంబీపీఎస్ వరకూ ఇంటి ప్లాను ధరకి రెండింతలు మించి అడగరాదని ట్రాయ్ 2025లో ఆదేశించింది.

హాస్టల్ ఎదుటి జిరాక్స్ కొట్టాయన్ని అడిగాం. "రూటరు ఎంతవుతుంది బాబూ?" అన్నారు. ఈ పని తెలిసిన పూర్వ విద్యార్థులెవరైనా వార్షికోత్సవం రోజున ఆయనతో ఒకసారి మాట్లాడండి.